ఉలవకట్టె తొక్కి బారువకి

ఏసీలు బాగుచేసేవాడి కారులోనే ఏసీ పాడైతే నవ్వనివాళ్ళు ఉండరు. తణుకులో మాది ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేసే కొట్టు. మార్చిలో శ్రీకాకుళం జిల్లా వెళ్ళి తిరిగొచ్చి దారిలో జరిగింది చెబితే మా ఆవిడ పడీపడీ నవ్వింది. మిగతాది కూడా విన్నాక నవ్వు ఆపి, ఇదంతా ఎక్కడైనా రాసి పెట్టమంది. మా ఊళ్ళో చాలామందికి విశాఖపట్నం దాటితే ఇక ఒరిస్సాయే. ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకునేవాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

నన్ను అటు లాగినవాడు కూర్మారావు. విశాఖలో ఐటీఐ చదివేటప్పుడు ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇద్దరిదీ ఫ్రిజ్ మెకానిక్ కోర్సే. చదువయ్యాక నేను తణుకు వచ్చేశాను, అతను పలాసలో ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. ఆ గదిలో చేరిన మొదటి రోజే నన్ను బావా అన్నాడు. మాకు చుట్టరికం ఏమిటని బుర్ర గోక్కున్నాను. వాళ్ళ వైపు టీ కొట్టువాడు కూడా బావేనని తర్వాత తెలిసింది.

కొన్నేళ్ళ కిందట కూర్మారావుకి కిడ్నీలు పాడయ్యాయి. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు. డయాలసిస్ ఏ రోజుల్లో అని మాత్రం అడుగుతారు. ఇతనికి రోజు మార్చి రోజు. మధ్యలో నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఎక్కువ తాగితే ఆ నీరు బయటికి పోదు, ఒంట్లోనే నిలిచి ఊపిరాడనివ్వదు.

ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు.

“బావా, మా సెల్లి కూతురికి సెవులు కుట్టిత్తన్నారు. నా కోసమని ఇప్పటికి రెండుపాల్లు ఆపీసినారు. బస్సులో ఎల్తే ఎండకి దాహమేత్తాది. దాహమేత్తే తాగుతాను. తాగితే ఏటవుద్దో నీకు తెలుసు. నీ కారులో ఏసీ ఉన్నాది కదా.”

ఉంది అన్నాను. బయల్దేరేముందు గ్యాసు ప్రెషర్ చూశాను, బెల్టు చూశాను, ఫిల్టరు మార్చాను. ఊరందరి ఏసీలూ చూసినవాణ్ణి, నా ఏసీ నన్ను మోసం చేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

టెక్కలి

టెక్కలి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరికి ముందు నుంచే రోడ్డు పక్కన గ్రానైటు బండలు, మా వైపు వరి కుప్పలు ఉన్నంత ధీమాగా కూర్చుని ఉన్నాయి. బస్టాండు దగ్గర ఒక టీ కొట్టు ముందు ఆగాను. మేం మరమరాలనేవాటిని అక్కడ మురీలంటారు. పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు కలిపి కాగితంలో పోసి ఇచ్చింది కొట్టావిడ. మా ఊళ్ళో బజ్జీ ఒక్కటి వచ్చే డబ్బుకి అక్కడ కడుపు నిండింది.

“ఏ ఊరు బాబూ?” అని అడిగింది.

“తణుకండి.”

“అబ్బో, దూరమే. ఏటి పని మీదొచ్చినారు?”

“స్నేహితుడి మేనకోడలికి చెవులు కుట్టిస్తున్నారండి. అతన్ని బారువ దగ్గరికి తీసుకెళ్ళాలి.”

“మేనమావని మీరు తీసుకెల్తన్నారా? అయితే జాగర్త బాబూ. మా కాడ మేనమావ ఒల్లో కూకోకుండా గుంట సెవి ముట్టుకోరు.”

గుంట అంటే ఆడపిల్ల. మా వైపు కూడా మేనమామ ఒళ్ళోనే కూర్చోబెడతారు. కానీ ఆయన రాలేకపోతే వరసకి ఎవరో ఒకరు కూర్చుంటారు, భోజనాలు ఆగవు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఆపేస్తారని ఆవిడ మాటల్లో అర్థమైంది. కూర్మారావు ఫోన్‌లో ఎందుకంత నెమ్మదిగా, బరువుగా మాట్లాడాడో కూడా అప్పుడే తెలిసింది.

నౌపడ

పొద్దుండగానే నౌపడ ఉప్పు మడులు చూద్దామని పక్కదారి పట్టాను. అలవాటు లేని కళ్ళకి ఆ తెల్లదనం నొప్పి పుట్టిస్తుంది. ఆడవాళ్ళు పొడుగు కర్రలతో ఉప్పు లాగి కుప్పలు పోస్తున్నారు. కాళ్ళకి చెప్పులు లేవు. ఎందుకమ్మా అంటే, చెప్పు వేసుకుంటే మడి అడుగు పాడవుతుందట. వాళ్ళ కాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు.

అందులో ఒకావిడ కర్ర పక్కన పెట్టి వచ్చి నా కారు చుట్టూ తిరిగి చూసింది.

“ఇక్కడ పెట్టకండి బాబూ. ఉప్పు గాలి. ఇనుము తినీత్తాది. మా ఆయన సైకిలు సూడండి, సగమే ఉన్నాది.”

గట్టు మీద ఆనించి ఉన్న ఆ సైకిలు మడ్‌గార్డులు నిజంగానే సగమే ఉన్నాయి. నేను నవ్వి, ఓ గంట ఉంటే ఏమవుతుందిలే అని అక్కడే పెట్టి తిరిగాను. తిరిగొచ్చేసరికి పెదాలు ఉప్పగా ఉన్నాయి, అద్దం మీద సన్నటి పొర పట్టింది. గుడ్డతో తుడిచి పలాస దారి పట్టాను.

పలాస

పలాసలో కూర్మారావు ఇల్లు ముక్కుతోనే కనుక్కోవచ్చు. వీధికి రెండు వైపులా జీడి ఫ్యాక్టరీలు, గింజలు కాల్చే ఘాటు వాసన. అతని భార్య దమయంతి కూడా అక్కడే పప్పు ఒలిచే పనికి వెళ్తుంది. గింజలోంచి కారే జీడి నూనె వేళ్ళని కాల్చేస్తుంది. ఆవిడ మంచినీళ్ళు ఇస్తున్నప్పుడు చూశాను, వేళ్ళ కొసలు నల్లబడి చర్మం ఊడిపోయి ఉంది.

కూర్మారావు చిక్కిపోయాడు. ముఖం మాత్రం ఉబ్బింది. నన్ను చూసి లేవబోతే నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“ముసలోడివైపోనావు బావా,” అన్నాడు.

“నువ్వేమో పెళ్ళికొడుకువి,” అన్నాను. ఏడుపొచ్చింది. అది కనపడకుండా ఫ్యాక్టరీ వాసన గురించి ఏదో అడిగాను.

రాత్రి భోజనంలో నాకు కొర్రమీను పులుసు, గుండు జీడిపప్పుతో చేసిన కూర. మా వైపు జీడిపప్పు పాయసంలో తేలుతూ లెక్కకి కనిపిస్తుంది. అక్కడ గరిటెతో వడ్డించారు. కూర్మారావు కంచంలో ఉప్పు తగ్గించి వండిన వంకాయ కూర ఉంది. అన్నీ నా విస్తట్లోకి తోస్తూ కూర్చున్నాడు.

“నాను కొబ్బరి బొండాం తాగకూడదు, జీడిపప్పు తినకూడదు. ఈ ఊళ్ళో పుట్టి ఏటి లాబం సెప్పు? అన్నేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో టన్నులు టన్నులు గడ్డకట్టించినాను. ఇప్పుడు దాహమేత్తే ఒక్క ఐసు ముక్క నోట్లో పెట్టుకోమంటారు.”

నవ్వుతూనే అన్నాడు. దమయంతి మాత్రం నవ్వలేదు. సామాన్లతో ఆవిడ పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోతుందట. ఆడబడుచు ఇంట్లో పని అందుకోవాలి. పడుకునేముందు నన్ను వాకిట్లోకి పిలిచి చెప్పింది.

“అన్నియ్యా, ఏసీ ఉన్నాదనే పంపుతన్నాను. ఏడి తగిలితే ఈయన ఆగలేరు, నీళ్లు తాగీత్తారు. మల్లీ ఎల్లుండి గానీ మిసను ఎక్కరు. మీరు ఎండలో తిప్పకండి.”

తిప్పనమ్మా అన్నాను.

ఉద్దానం తోటల్లో

పొద్దున్నే బయల్దేరాం. కూర్మారావు చేతిలో చిన్న నీళ్ళ సీసా. ఆ రోజంతటికీ అదే. సీటు వాల్చుకుని, చల్లగాలి వచ్చే రంధ్రం దగ్గర అరచెయ్యి పెట్టి కాసేపు చూశాడు.

“గ్యాసు సరింగా పట్టించినావు,” అన్నాడు. అతని నోటి నుంచి ఆ మాట రావడం నాకు పరీక్ష ప్యాసైనట్టే.

హైవే మీద వెళ్దామంటే ఒప్పుకోలేదు. తోటల దారిలో నీడ ఉంటుంది, అదీగాక ఆ దారి చూసి చాన్నాళ్ళయిందన్నాడు. నిజంగానే రోడ్డు మీద ఎండ పడడం లేదు. పైన కొబ్బరి, కింద జీడి మామిడి, మధ్యలో పనస. మా పక్కనున్న కోనసీమలో కొబ్బరి తోటలకి పక్కన కాలవ ఉంటుంది. ఇక్కడ ఇసక. ఆ ఇసకలో ఇంత పచ్చదనం ఎలా వచ్చిందా అని చూస్తూ నడిపాను.

ఒక ఊరి బయట రోడ్డు నిండా ఎండిన మొక్కలు పరిచి ఉన్నాయి. ఉలవకట్టె. పొలంలో పీకిన ఉలవ మొక్కల్ని అలా రోడ్డు మీద వేస్తే వచ్చేపోయే బళ్ళు తొక్కి కాయలు పగిలి గింజలు రాలతాయి. మా వైపు కోతకీ నూర్పిడికీ మిషన్లు వచ్చి ఈ పద్ధతి నేను మర్చేపోయాను. పక్కన ఒక రైతు, ఆయన భార్య కర్రలతో కట్టె తిరగేస్తున్నారు. నేను ఆగాను.

“ఆగకండి బాబూ, ఎల్లండి. మీ బండి తొక్కితే మాకు మంచిదే,” అంది ఆవిడ.

“తొక్కు బావా, పున్నెం,” అన్నాడు కూర్మారావు.

నెమ్మదిగా తొక్కుకుంటూ దాటాను. చక్రాల కింద చిటపటమని కాయలు పగులుతుంటే సరదా పుట్టింది. అవతలికి వెళ్ళి అద్దంలో చూస్తే ఆవిడ దణ్ణం పెడుతోంది. ఇంకేం, నాలో దాత నిద్ర లేచాడు. వెనక్కి తిప్పి మళ్ళీ తొక్కాను. మళ్ళీ తిప్పాను. కూర్మారావు కిటికీ దించి, ఇటు తొక్కు, ఆ అంచు మిగిలిపోనాది అని దారి చూపించాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా ఆడుకున్నామంటే అబద్ధం కాదు. వచ్చేస్తుంటే ఆవిడ ఇన్ని ఉలవలు కాగితంలో పోసి ఇచ్చింది.

కొంచెం దూరం పోయాక కూర్మారావు మళ్ళీ గాలి రంధ్రం దగ్గర చెయ్యి పెట్టాడు.

“బావా, ఏడిగా వత్తంది.”

ఇద్దరు వైద్యులు

ఒక జీడి తోట పక్కన ఆపి బానెట్ ఎత్తాను. లోపల గాలి జోరుగానే వస్తోంది, చల్లదనమే లేదు. కంప్రెసర్ టక్కుమని అందుకుంటోంది, కాసేపటికే టక్కుమని వదిలేస్తోంది.

“గ్యాసు తగ్గింది,” అన్నాను. గ్యాసు తగ్గితే కంప్రెసర్ సరిగ్గా అలాగే చేస్తుంది.

“నిన్న సాయంత్రం నౌపడలో కారు పెట్టినానన్నావు. ఉప్పు గాలికి కండెన్సరు సిల్లు పడిపోనాది. గ్యాసు అక్కడి నుంచే పోయింది,” అన్నాడు కూర్మారావు.

“ఒక్క గంటలో చిల్లా? అది కండెన్సరా, అప్పడమా?”

“గ్యాసు నువ్వే సూసినానన్నావు కదా. మరి ఎలా తగ్గింది?”

ఇద్దరం ట్రేడు నేర్చినవాళ్ళం. ఒకడి మాట ఒకడు ఒప్పుకుంటే పరువు పోతుంది. అతను దిగి, బానెట్ మీదకి వంగి, గొట్టాల అతుకుల దగ్గర వేలితో తడిమి నూనె మరక కోసం వెతికాడు. గ్యాసు కారిన చోట నూనె తడి ఉంటుంది. ఎక్కడా లేదు. నేనూ వెతికాను. లేదు. అయినా ఎవరి పట్టు వాళ్ళది. వంగి వంగి చూస్తుంటే అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. నాలిక బయటపెట్టి పెదాలు తడుపుకున్నాడు. సీసా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

అప్పుడు నాకు భయం వేసింది. దమయంతి వాకిట్లో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి.

“కూర్మారావ్, వెనక్కి పోదాం. పలాస దగ్గరే. ఇంట్లో ఫ్యాను కింద కూర్చో. మీ చెల్లికి నేను ఫోన్ చేసి చెప్తాను.”

అతను కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

“రెండుపాల్లు ఆపీసింది బావా అది. మూడోపాలి కూడా ఆపుద్ది, నాకు తెలుసు. కానీ నాలుగోపాలికి నానుండాల కదా.”

కోపంగా అన్నా బావుండేది, ఏదో ఒకటి అనేవాణ్ణి. అతను లెక్క చెప్పినట్టు చెప్పాడు. నేను బానెట్ మూసి, హైవే ఎటు అని అడిగాను. పెద్ద ఊళ్ళో ఎవరైనా కారు ఏసీ మెకానిక్ దొరుకుతాడేమో చూద్దామన్నాను. నా కొట్టు బోర్డు చూసినవాళ్ళెవరూ ఆ మాట విననందుకు సంతోషించాను.

రైలు గేటు

హైవే ఎక్కి కాస్త వేగం అందుకోగానే చల్లగాలి వచ్చింది. అబద్ధం కాదు, మొదట్లో వచ్చినంత చల్లగా. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

“నాను గొట్టాలు కదిపినాను కదా,” అన్నాడు కూర్మారావు.

“నేను బెల్టు నొక్కి చూశాను కదా,” అన్నాను.

మెకానిక్ సంగతి మర్చిపోయాం. బారువ వైపు తిరిగే దారి వచ్చాక హైవే దిగాం. కొంచెం దూరంలోనే రైలు గేటు పడి ఉంది. వెళ్ళి లారీల వెనక ఆగాం. ఆగి ఎంతోసేపు కాలేదు, గాలి వెచ్చబడింది. ఇంకాసేపటికి వేడెక్కింది.

గూడ్సు బండి ఎక్కడో ఉందట, రావడం లేదు. అద్దాలు దించితే లారీల పొగ. ముందు బొండాల బండివాడు ఒకటి చెక్కి తెచ్చి కిటికీలోంచి లోపలికి పెట్టాడు.

“తాగండి బాబూ, మొకం అలిసిపోనాది.”

“వద్దు తమ్ముడూ,” అన్నాడు కూర్మారావు.

“డబ్బులొద్దులెండి. తాగండి.”

“కిడ్నీ తమ్ముడూ.”

అతను వెంటనే బొండాం వెనక్కి తీసుకున్నాడు. తప్పు చేసినవాడిలా తల దించుకుని, మా అమ్మకీ అంతే అన్నాడు. తర్వాత బండి దగ్గరి నుంచి ఒక అట్టముక్క తెచ్చి కూర్మారావుకి విసరడం మొదలుపెట్టాడు. కూర్మారావు సీసా మూత తీశాడు. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. మూత పెట్టడానికి చెయ్యి రాలేదు, అలా పట్టుకునే ఉన్నాడు. నాకు ఏం చేయాలో తోచక ఎదురుగా డ్యాష్‌బోర్డు కేసి చూశాను. ఇంజను వేడి చూపించే ముల్లు ఎప్పుడూ మధ్యలో ఉండేది, పైకి పాకుతోంది.

గ్యాసు పోతే ఏసీ చల్లబడదు. అంతేగానీ ఇంజను వేడెక్కదు.

“కూర్మారావ్, ముల్లు చూడు,” అన్నాను.

అతను ముందుకి వంగి చూశాడు. సీసా మూత బిగించాడు.

“పరిగెడితే సల్లగా వత్తంది. ఆగితే ఏడిగా వత్తంది,” అన్నాడు.

“ఫ్యాను,” అన్నాం ఇద్దరం.

ఇది తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఏసీ కారు లోపలి వేడిని మోసుకొచ్చి ముందు జల్లెడలా ఉండే కండెన్సర్ దగ్గర వదులుతుంది. కారు పరిగెడుతుంటే ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. కారు ఆగితే ఆ పని ఫ్యాను చేయాలి. ఫ్యాను తిరగకపోతే వేడి అక్కడే పేరుకుని, పగిలిపోతానేమోనన్న భయంతో కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది. ఇది మా ఐటీఐలో మొదటి ఏడాది పాఠం. ఇద్దరం పరువు కోసం పెద్ద రోగాలు వెతుకుతూ మొదటి పాఠం వదిలేశాం.

ఇంజను ఆపి బానెట్ ఎత్తాను. ఇందాక పై గొట్టాలే తడిమిన మాకు కనపడలేదు గానీ, కిందికి వంగి చూస్తే ఫ్యాను రెక్కల చుట్టూ ఉలవకట్టె చుట్టుకుని ఉంది. దాంతో పాటు మోపులు కట్టిన ప్లాస్టిక్ తాడు ఒకటి ఇరుసుకి బిగుసుకుపోయింది. కండెన్సర్ ముందంతా పొట్టు అట్ట కట్టింది. బస్సులూ లారీలూ ఎత్తుగా ఉంటాయి, వాటికి ఏమీ కాదు. నేల మీద పాకే నా కారుతో అటూ ఇటూ దున్నించింది మేమిద్దరమే.

“పున్నెం,” అన్నాను కూర్మారావు వైపు చూసి.

“నానొకపాలే తొక్కమన్నాను,” అన్నాడు.

బొండాలతను కత్తి ఇచ్చాడు. వేడికి చేతులు చురుక్కుమంటున్నా తాడు కోసి, కట్టె పీకేశాను. కూర్మారావు బండి నీడలో కూర్చుని, ఎక్కడ కొయ్యాలో చెప్తూ ఉన్నాడు. బొండాలతని దగ్గరే ఈనుపుల్లల చీపురు తీసుకుని పొట్టు దులిపాను. ఫ్యానుని వేలితో తిప్పితే తిరిగింది. ఇంజను వేసి చూస్తే తిరగలేదు.

“ఇరుక్కుపోయి ఫ్యూజు కొట్టీసుంటాది,” అన్నాడు కూర్మారావు.

నిజమే. ఫ్యూజు పెట్టె తెరిస్తే కాలిపోయి ఉంది. ఆ సైజుది నా దగ్గర అదనంగా లేదు. పెట్టె మూత మీద బొమ్మలు చూసుకుంటూ పోతే, చలికాలంలో వెనక అద్దం మీది మంచు కరిగించే తీగకి అదే సైజు ఫ్యూజు ఉంది. ఉద్దానంలో మార్చి నెలలో మంచుతో పనేముంది. పీకి ఇందులో పెట్టాను. ఫ్యాను గిర్రున తిరిగింది. అప్పుడే గూడ్సు బండి వచ్చింది, వెనకాల లారీలవాళ్ళంతా హారన్లు మొదలుపెట్టారు. బొండాలతను చేత్తో వాళ్ళని ఆపి, మమ్మల్ని ముందు పంపించాడు.

బారువ దగ్గర

కూర్మారావు చెల్లెలు సరోజిని ఉండే ఊరు బారువకి కొంచెం ఇవతల. ఇళ్ళకి ఎదురుగానే సముద్రం. ఇసకలో పడవలు, తాళ్ళ మీద ఎండు చేపలు. మా వైపు ఎండు చేప సంతలో చూడాలి. ఇక్కడ దాని కింద నుంచి వంగి నడవాలి. ఇంటి ముందు టార్పాలిన్ పందిరి. పక్కింటివాళ్ళు బాప్టిస్టు సంఘం వాళ్ళట, వాళ్ళ చర్చి కుర్చీలు మోసుకొచ్చి వేశారు.

అనుకున్న ముహూర్తం దాటిపోయింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సరోజిని పరిగెత్తుకొచ్చి కారు తలుపు తీసింది. అన్న మొహం చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతులు తీసి, “వచ్చీసినావు,” అంది. అంతే.

పందిట్లో పీట వేసి కూర్చోబెట్టారు. చెవులు కుట్టే కంసాలి తాత బంగారు తీగ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పాప పేరు జాహ్నవి. మూడేళ్ళుంటాయి. పట్టు లంగా, చెమటకి చెదిరిన బొట్టు. తల్లి ఎత్తుకొచ్చి కూర్మారావు ఒళ్ళో పెట్టబోతే కాళ్ళు బిగబట్టి వెనక్కి తిరిగింది.

“ఎవులే అమ్మా ఈయన?” అని అడిగింది.

పందిట్లో అందరూ వినేట్టు అడిగింది. ఇన్నాళ్ళు ఎవరి కోసం ఆపారో ఆ మేనమామని ఆ పిల్ల ఎరగదు. కూర్మారావు చాచిన చేతులు మెల్లగా మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సరోజిని బుజ్జగించింది, బెల్లం ముక్క చూపించింది, కసిరింది. పిల్ల ఏడుపు పెంచింది. టార్పాలిన్ కింద గాలాడడం లేదు. కూర్మారావు మొహం మీద నుంచి చెమట ధారగా కారుతోంది. దమయంతి నా పక్కకి వచ్చి నిలబడింది.

“అన్నియ్యా, సేపైపోతంది,” అంది గొంతు తగ్గించి.

నేను వెళ్ళి కూర్మారావుని లేపి, కాసేపు కారులో కూర్చో, పాప ఏడుపు తగ్గాక పిలుస్తారు అని తీసుకొచ్చాను. వెనక సీట్లో కూర్చోబెట్టి ఇంజను వేశాను. ఆగి ఉన్న కారులో చల్లగాలి వస్తుందో రాదోనని రంధ్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వచ్చింది. అతను తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. తలుపు సగం తీసే ఉంచాను.

తర్వాత జరిగినదానికి నేనేమీ చేయలేదు. ఏడ్చి ఏడ్చి తల్లి చంక దిగిన జాహ్నవి, తలుపు సందులోంచి వచ్చే చల్లదనం కాళ్ళకి తగిలి, మా దగ్గరికి నడిచొచ్చింది. లోపలికి తొంగి చూసింది. ఒక చెయ్యి లోపల పెట్టింది. తర్వాత పాకి సీటెక్కింది. కూర్మారావు కదల్లేదు. అతని ఎడం చేతి మీద, డయాలసిస్ సూదులు గుచ్చే చోట, నరం లావుగా ఉబ్బి ఉంటుంది. పిల్ల దాన్ని చూసింది.

“ఇదేటి?”

“ముట్టుకో. నిమ్మళంగా.”

వేలు పెట్టింది. ఆ నరంలో రక్తం ఎప్పుడూ గురగుర కదులుతూ ఉంటుంది. పిల్ల వేలు తీసేసి, మళ్ళీ పెట్టింది.

“లోన ఏటున్నాది?”

“కంప్రెసరు,” అన్నాడు కూర్మారావు.

పిల్లకి ఆ మాట తెలియదు. కానీ వేలు తీయలేదు. మెల్లగా జరిగి అతని కుడి తొడ మీద కూర్చుని, ఆ గురగుర వింటున్నట్టు తల వంచింది. బయట నిలబడిన సరోజిని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరో పీట ఇక్కడికి తెమ్మన్నారు. కంసాలి తాత ఒప్పుకోలేదు.

“ఒడి ముక్కెం గానీ, పీట ముక్కెమేటి? బండి తూరుపు మొకం పెట్టండి సాలు,” అన్నాడు.

నేను ముందు సీట్లో ఎక్కి, పిల్ల కదలకుండా అంగుళం అంగుళంగా కారు తిప్పాను. తూర్పు అంటే సముద్రమే. ముందు అద్దం నిండా నీళ్ళు వచ్చేదాకా తిప్పి ఆపాను. దిగి బానెట్ దగ్గర నిలబడ్డాను. ఫ్యాను అందుకుంటోంది, ఆగుతోంది, మళ్ళీ అందుకుంటోంది. వెనక అద్దం ఫ్యూజు ఈ భారం మోస్తుందో లేదోనని నాకు నమ్మకం లేదు. ముప్పై ఏళ్ళుగా ఏసీలు చూస్తున్నాను. ఏ ఏసీ ముందూ అలా చేతులు కట్టుకుని నిలబడలేదు.

తాత ఒక కాలు లోపల పెట్టి వంగాడు. మొదటి చెవికి పిల్ల కెవ్వుమంది. రెండో చెవికి కూర్మారావు చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. కూర్మారావు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆడవాళ్ళు అద్దాల్లోంచి అక్షింతలు వేశారు. సగం సీటు కింద పడ్డాయి. పక్కింటి బాప్టిస్టు పెద్దావిడ కూడా కిటికీ దగ్గరికి వచ్చి, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది.

ఏడుపు సన్నగిల్లి వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు కూడా ఆగాయి. పిల్ల అతని గుండె మీద తల పెట్టి నిద్రపోయింది. భోజనాలకి లేవమని ఎవరో పిలవబోతే దమయంతి వద్దని చెయ్యి ఊపింది. అందరూ పందిట్లోకి వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణే ఎండలో, ఇంజను ఆపే ధైర్యం లేక, ఫ్యాను చప్పుడు వింటూ ఉన్నాను.

చాలాసేపటికి కిటికీ మీద గోటితో కొట్టిన చప్పుడైంది. ఏమైందోనని పరిగెత్తి తలుపు తీశాను. కూర్మారావు పిల్లని లేపకుండా, పెదాలు మాత్రం కదిలించి అన్నాడు.

“బావా, కొంచెం తగ్గించు. గుంటకి సలేత్తంది.”